గీయకుండా వదిలేసిన అంచు

చార్మినార్‌ని పెన్సిల్‌తో గీయమంటే చాలామంది చెయ్యి ముందు నగిషీల మీదికే పోతుంది. గచ్చుతో తీర్చిన పూలరేకులు, బాల్కనీల అంచులు, 1889లో బిగించిన గడియారాలు అన్నీ పడితేనే బొమ్మ పూర్తయినట్టు. నా లెక్క వేరు. 1591 నాటి ఆ కట్టడం ప్రాణమంతా నాలుగు దిక్కులకీ తెరుచుకున్న కమానుల్లో, మూలల్లో లేచిన మినార్లలో ఉంది. కమాను వెడల్పుకీ మినారు ఎత్తుకీ పొంతన కుదిరితే ఇరవై గీతల్లో చార్మినార్ నిలబడుతుంది. కుదరకపోతే వెయ్యి రేకులు దిద్దినా కూలబడుతుంది. ఏది కట్టడాన్ని మోస్తోంది, ఏది దానికి నగ అన్నది తేల్చుకున్నవాడే ధైర్యంగా వదిలేయగలడు. కొద్ది గీతల స్కెచ్‌లో నేను మెచ్చేది ఆ తీర్పుని.

అలాంటి స్కెచ్‌లో ఒక్క మినారుని దగ్గరగా చూడండి. ఎండ పడే వైపు అంచు గీతే ఉండదు. నీడ వైపు మాత్రం 4బీ పెన్సిల్‌ని కాస్త వాల్చి కిందినుంచి పైకి లాగిన ఒకే గీత. బాల్కనీ దగ్గరికి రాగానే చెయ్యి బరువవుతుంది, దాని కింద నీడ నల్లగా ముద్దకడుతుంది, ఆపైన గీత మళ్లీ తేలికై చివరి చిన్న గుమ్మటం దాకా పోతుంది. గీయని రెండో అంచుని చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది. మధ్యలో మిగిలిన ఉత్త కాగితం సున్నపు గోడ మీద కాసే ఎండ అయిపోతుంది. ఆ తెలుపుని షేడింగ్‌తో సాధించబోతే గోడ మసిబారడమే మిగులుతుంది.

చేతకాక వదిలేశాడనే మాట ఎలాగూ వస్తుంది. నిజానికి దట్టమైన షేడింగే తప్పుల్ని దాస్తుంది. ఇక్కడ కమాను మొన ఒక్క పిసరు పక్కకి జరిగినా కట్టడమంతా ఒరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని కప్పిపుచ్చే చాటే లేదు. కళా విమర్శకుడు జాన్ రస్కిన్ పక్షాన వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. వెనిస్ కట్టడాలు పాడైపోతున్నాయన్న దిగులుతో ఆయన వాటి రాతిపనిని వివరంగా గీసిపెట్టాడు. ఆ పని అవసరమే. రాలిన గచ్చుపువ్వుని మళ్లీ అతికించాలంటే మన స్కెచ్ ఎందుకూ పనికిరాదు. దానికి కొలతల డ్రాయింగు కావాలి.

చార్మినార్ అందరికీ తెలిసిందే కాబట్టి నాలుగు గీతలు చాలాయి, తెలియని కట్టడమైతే ఏం చేస్తారు అనీ అడగవచ్చు. మన జ్ఞాపకం ఆ బొమ్మకి కొంత అప్పు ఇస్తుందన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ తర్వాత చండీగఢ్‌కి రూపమిచ్చిన లె కార్బూజియే 1911 యాత్రలో ఇస్తాంబుల్ మసీదుల్ని గీసిన స్కెచ్‌లు ఉన్నాయి. ఇస్తాంబుల్ ముఖమైనా చూడనివాళ్లకి కూడా, గుట్ట మీద గుమ్మటాల బరువు ఎలా సర్దుకుందో, మినార్లు దాన్ని ఎక్కడ చీల్చుకుని లేచాయో వాటిలో తెలిసిపోతుంది.