ఆమోదయోగ్యతా వక్రం ఏ ప్రశ్నకు సమాధానం? వైద్యవ్యయ మూల్యాంకనంలో గణాంక పద్ధతులు: ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఒక చికిత్సపై వెచ్చించే సొమ్ముకు తగిన ఆరోగ్యఫలితం దక్కుతున్నదా అని నిర్ణయించడానికి 1990ల నుంచి రూపొందిన గణాంక పద్ధతుల్లో ఆమోదయోగ్యతా వక్రం బాగా ప్రాచుర్యం పొందింది. ఆ వక్రం చూపే సంభావ్యతను తీర్పుగా చదవడం పొరపాటని, ప్యాకేజీ ధరల దత్తాంశంతో దాన్ని గీసినప్పుడు ఆ పొరపాటు మరింత పెరుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యయ ప్రభావశీలత, క్వాలీ, నికర ద్రవ్య ప్రయోజనం, ఆమోదయోగ్యతా వక్రం, ఆరోగ్యశ్రీ.

నిష్పత్తితో వచ్చిన చిక్కు

కొత్త చికిత్సకు, వాడుకలో ఉన్న చికిత్సకు మధ్య వ్యయంలోని తేడాను ఫలితంలోని తేడాతో భాగిస్తే వచ్చేది అదనపు వ్యయ-ఫలిత నిష్పత్తి. ఫలితాన్ని సాధారణంగా క్వాలీలలో కొలుస్తారు. పూర్తి ఆరోగ్యంతో గడిపిన ఒక సంవత్సరం ఒక క్వాలీ, 0.5 విలువ గల ఆరోగ్యస్థితిలో గడిపిన రెండేళ్లు కూడా ఒక క్వాలీయే. ఒక క్వాలీ కోసం ఎంతవరకు చెల్లించవచ్చునన్న పరిమితితో ఈ నిష్పత్తిని పోల్చి నిర్ణయం తీసుకుంటారు. ఇంగ్లండులోని నైస్ సంస్థ సుమారు రెండు దశాబ్దాల పాటు పాటించిన 20,000 నుంచి 30,000 పౌండ్ల పరిధి ఇటువంటిదే.

పాలనాధికారికి ఈ నిష్పత్తి సుబోధకం. గణాంకశాస్త్రానికి మాత్రం ఇది కొరకరాని కొయ్య. హారం శూన్యానికి దగ్గరవుతున్నకొద్దీ దాని విలువకు హద్దు ఉండదు. అంతకు మించిన చిక్కు ఋణ విలువలతో వస్తుంది. 50,000 రూపాయలు ఆదా చేస్తూ 0.5 క్వాలీ అదనంగా ఇచ్చే చికిత్సకు నిష్పత్తి ఋణ 1,00,000. అంతే మొత్తం అదనంగా ఖర్చు చేయించి 0.5 క్వాలీ పోగొట్టే చికిత్సకు కూడా అది ఋణ 1,00,000 మాత్రమే. ఒకటి తప్పక చేపట్టవలసినది, మరొకటి తప్పక వదులుకోవలసినది. సంఖ్య మాత్రం ఒక్కటే. ఫీలర్ సిద్ధాంతంతోనూ, బూట్‌స్ట్రాప్ పద్ధతితోనూ ఈ నిష్పత్తికి విశ్వాస్యతా అంతరాలు గణించే ప్రయత్నాలు జరిగాయి గాని, మూలంలోని ఈ అస్పష్టత వాటితో తొలగలేదు.

1998లో స్టిన్నెట్, ములాహీ చూపిన మార్గం సరళమైనది. అదనపు ఫలితాన్ని చెల్లింపు పరిమితితో గుణించి, అందులోంచి అదనపు వ్యయాన్ని తీసివేస్తే నికర ద్రవ్య ప్రయోజనం వస్తుంది. అది ధనాత్మకమైతే చికిత్స విలువైనదే. భాగహారం లేదు కనుక అంకమధ్యమం, విస్తృతి మామూలు పద్ధతుల్లోనే లెక్కకు వస్తాయి. అయితే ఈ సౌలభ్యానికి మూల్యం ఉంది: గణనకు ముందే చెల్లింపు పరిమితి ఎంతో చెప్పవలసి ఉంటుంది. ఆ పరిమితిపై ఏకాభిప్రాయం లేదు. అందుకే వాన్ హౌట్, ఆయన సహచరులు 1994లోనే ప్రతిపాదించిన ఆమోదయోగ్యతా వక్రం అందరికీ అక్కరకు వచ్చింది. అడ్డ అక్షంపై పరిమితి విలువలు, నిలువు అక్షంపై ఆ విలువ వద్ద చికిత్స లాభదాయకం అయ్యే సంభావ్యత. పరిమితిని పాఠకుడే ఎంచుకోవచ్చు.

ఆ ఎంపిక తేలికైనది కాదు. 2015లో కార్ల్ క్లాక్స్టన్ బృందం ఇంగ్లండు ఆరోగ్యసేవ ఖర్చులను విశ్లేషించి, ఒక క్వాలీ సాధించడానికి ఆ వ్యవస్థకు నిజంగా పడుతున్న వ్యయాన్ని 12,936 పౌండ్లుగా అంచనా వేసింది. ఆ అంచనా సరైనదైతే, 30,000 పౌండ్ల వద్ద ఆమోదించిన ఒక క్వాలీకి బదులుగా మరెక్కడో, పేరు తెలియని రోగుల నుంచి, రెండుకు పైగా క్వాలీలు జారిపోతాయి. వక్రం గీసేవారు అడ్డ అక్షంపై ఒక నిలువు గీత గీసి ముందుకు సాగిపోతారు. ఆ గీతకు ఇరువైపులా ఉన్నది ఇంత పెద్ద వివాదం.

సగటా, సంభావ్యతా?

నిలువు అక్షం విషయంలో పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. సంభావ్యత 0.5 కన్నా తక్కువగా ఉంటే చికిత్సను తిరస్కరించాలని, 0.95 దాటితేనే నమ్మదగినదని చదవడం పరిశోధన వ్యాసాల్లో అలవాటుగా మారింది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోవచ్చు. కొత్త చికిత్స వల్ల ప్రతి రోగిపై 10,000 రూపాయల నికర నష్టం కలిగే సంభావ్యత 0.6, 40,000 రూపాయల నికర లాభం కలిగే సంభావ్యత 0.4 అనుకుంటే, వక్రంపై ఆ చికిత్స ఎత్తు 0.4 మాత్రమే. సగటు నికర ప్రయోజనం మాత్రం 16,000 నుంచి 6,000 తీసివేయగా మిగిలే 10,000 రూపాయలు. వక్రాన్ని తీర్పుగా చదివినవారు ఈ చికిత్సను కాదంటారు. సగటును చూసినవారు ఔనంటారు.

క్లాక్స్టన్ 1999 నాటి వ్యాసంలో సాంప్రదాయిక అనుమితి ఈ నిర్ణయాలకు అప్రస్తుతమని వాదించింది ఈ కారణంగానే. శూన్య పరికల్పనను తిరస్కరించలేదన్న మాత్రాన మెరుగైన సగటు గల చికిత్సను పక్కన పెడితే, ఆ నష్టాన్ని మోసేది రోగులే. 2001లో ఫెన్విక్, క్లాక్స్టన్, స్కల్ఫర్ కలిసి వక్రంతో పాటు సగటు ప్రకారం ఉత్తమమైన చికిత్సను కూడా గుర్తించాలని సూచించారు. ఆ సూచన సబబైనదే. అనిశ్చితి అనవసరమని దీని అర్థం కాదు. అది వేరే ప్రశ్నకు సంబంధించినది. పై ఉదాహరణలో ఫలితం ముందే కచ్చితంగా తెలిస్తే సగటు ప్రయోజనం 10,000 నుంచి 16,000కు పెరుగుతుంది. అంటే పరిపూర్ణ సమాచారం విలువ ఒక్కో రోగికి 6,000 రూపాయలు. 10,000 మంది రోగులున్నచోట అది 6 కోట్లు. మరో పరిశోధనకు అంతకు మించి ఖర్చు చేయడం అవివేకం.

అయితే క్లాక్స్టన్ వాదంలో ఒక బలహీనత ఉంది. నేడు ఆమోదించిన చికిత్సను రేపు కొత్త ఆధారం వస్తే ఖర్చు లేకుండా ఉపసంహరించవచ్చన్న భావన దాని వెనుక ఉంది. ప్రభుత్వ పథకంలోకి ఒకసారి చేరిన చికిత్సను తొలగించడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. వెనక్కి తీసుకోలేని నిర్ణయాల్లో వేచి ఉండటానికి కూడా ఒక విలువ ఉంటుంది. సగటును మాత్రమే నమ్మే వాదం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

ప్యాకేజీ ధర, మాయమైన విస్తృతి

సగటే నిర్ణాయకమైతే, ఏ సగటు అన్నది తదుపరి ప్రశ్న. ఆస్పత్రి ఖర్చులు తీవ్రమైన ధన వైషమ్యం గలవి. పదిమందిలో తొమ్మిదిమందికి 20,000 చొప్పున, ఒకరికి 5,20,000 ఖర్చయితే మధ్యగతం 20,000, అంకమధ్యమం 70,000. వైషమ్యాన్ని తగ్గించడానికి సంవర్గమానాలు తీసుకోవడం, మధ్యగతాలను పోల్చడం ఒకప్పుడు పరిపాటి. 2000లో థాంప్సన్, బార్బర్ అంకమధ్యమమే సరైన కొలత అని స్పష్టం చేశారు. 70,000ను పదితో గుణిస్తేనే చెల్లించవలసిన 7 లక్షలు వస్తాయి. మధ్యగతాన్ని గుణిస్తే వచ్చే 2 లక్షలతో ఏ ఖజానా లెక్క కుదరదు.

తెలుగు రాష్ట్రాల పరిశోధకులకు ఈ చర్చ దగ్గరయ్యేది ఇక్కడే. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ముందుగా నిర్ణయించిన ప్యాకేజీ ధర ప్రకారం ఆస్పత్రులకు చెల్లిస్తుంది. పై పదిమందికీ ఒకే ప్యాకేజీ వర్తిస్తే క్లెయిముల దత్తాంశంలో పది ఒకే సంఖ్యలు కనిపిస్తాయి. విస్తృతి శూన్యం. అటువంటి దత్తాంశంతో గీసిన వక్రం అనిశ్చితే లేదన్నట్లు నిట్టనిలువుగా లేస్తుంది. నిజానికి ఖర్చులోని అనిశ్చితి మాయం కాలేదు. ఆస్పత్రి లెక్కల్లోకో, రోగి జేబులోకో వెళ్లింది.

చెల్లించే ప్రభుత్వ దృష్టిలో ప్యాకేజీ ధరే వ్యయం కదా అన్న సమాధానం ఉంది. ప్రశ్నను ఖజానాకే పరిమితం చేస్తే అది న్యాయమైనదే. సమాజ దృక్కోణం అని ప్రకటించుకుని ప్యాకేజీ ధరను వాడే విశ్లేషణకు ఆ సమర్థన చెల్లదు. జిల్లా నుంచి నగరానికి వచ్చిన రోగి ప్రయాణ ఖర్చు, వెంట ఉన్నవారు పోగొట్టుకున్న కూలి క్లెయిముల్లో ఉండవు.

ఫలితం వైపు పరిస్థితి కొంత మెరుగు. 2022లో వెలువడిన భారతీయ ఈక్యూ-5డీ-5ఎల్ విలువల పట్టిక ఐదు రాష్ట్రాల్లో 3,548 మంది అభిప్రాయాలపై నిర్మితమైంది కనుక, విదేశీ విలువలను అరువు తెచ్చుకునే అవసరం తీరింది. వ్యయం వైపు రోగి స్థాయి కొలతలు అదే శ్రద్ధతో చేరేవరకు, క్లెయిముల ఆధారంగా వక్రాన్ని ప్రచురించే వ్యాసాలు కనీసం కొన్ని ఆస్పత్రుల్లో వాస్తవ ఖర్చుల విస్తృతిని ప్రతిచయనం ద్వారా అంచనా వేసి, దానితో వక్రాన్ని మళ్లీ గీసి, రెండింటినీ పక్కపక్కన చూపవలసి ఉంటుంది.