నడినెత్తిన పిల్లలకోడి

సూరత్‌లో చుక్కలేం కనిపిస్తాయండీ అనేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. ఉత్తరాయణం నాడు, జనవరి 14న, పతంగులన్నీ దిగాక కూడా డాబా మీదే ఉండండి. రాత్రి తొమ్మిదింటికి తల బాగా వెనక్కి వాల్చి చూడండి. సరిగ్గా నడినెత్తిన, చాచిన చేతి బొటనవేలి గోరంత జాగాలో గుంపుగా మినుకుమనేదే పిల్లలకోడి, పంచాంగంలో కృత్తిక. దానికి తూర్పుగా, జానెడు లోపే, ఎర్రగా వెలిగేది రోహిణి. ఆగ్నేయం వైపు వరసగా మూడు చుక్కలు, వాటికి ఎడమ పక్కన ఎర్రటి ఆరుద్ర.

లింబాయత్ వైపు పోతే తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడున్నాయి. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు కూడా రోహిణి అంటే ఎండ, మృగశిర అంటే వాన అని పెద్దల నోట వింటూనే ఉంటారు. అవి పైన వెలిగే చుక్కలని చూపించేవాళ్లే తగ్గిపోయారు. గోడకు పంచాంగం ఉంది, పైన ఆకాశం ఉంది, రెంటినీ కలిపే వేలు లేదు. నా బాధల్లా అదే.

నగరపు వెలుతురులో చుక్కలు మునిగిపోతాయన్న మాట నిజమే. అయితే మన నక్షత్రాల లెక్కకు ఆకాశమంతా కనబడనక్కర్లేదు. చంద్రుడు నడిచే దారి వెంబడి 27 గుర్తులు పెట్టుకున్నారు మనవాళ్లు. అందులో రోహిణి, ఆరుద్ర, పునర్వసు, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, శ్రవణం అనే ఎనిమిదీ ఎంత దీపాల ఊళ్లోనైనా కంటికి ఆనేవే. పుష్యమి, ఆశ్లేష, శతభిషం, రేవతి మాత్రం సూరత్‌లో దొరకవు. వాటి కోసం ఊరు దాటాలి. ఉన్న ఎనిమిదింటితోనే ఏడాది పొడవునా దారి తప్పకుండా తిరగొచ్చు.

ఎలాగంటే, పంచాంగంలో ఈ రోజు రోహిణి అని ఉందనుకోండి. సాయంత్రం చంద్రుణ్ణి వెతికి, ఆయన పక్కన ఎర్రటి చుక్క ఏదో చూడండి. అదే రోహిణి. మర్నాడు చంద్రుడు అక్కడ ఉండడు, తూర్పుకు జరిగి ఉంటాడు. చేయి బార్లా చాచి పిడికిలి బిగించి అడ్డం పెడితే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చంద్రుడి ఒక రోజు నడక 13 డిగ్రీల చిల్లర, అంటే పిడికిలి మీద ఇంకో రెండు వేళ్లు. ఈ కొలత మూడు రాత్రులు వరసగా తీసిన పిల్లవాడికి నక్షత్రం అంటే జాతకంలో రాసే పేరు మాత్రమే కాదని తెలిసిపోతుంది. స్వాతి, శ్రవణం మాత్రం ఈ పద్ధతికి లొంగవు. అవి చంద్రుడి దారికి బాగా ఉత్తరంగా ఉన్నాయి. మే నెల సాయంత్రాల్లో ఉత్తరాన ఎత్తుగా ఉండే సప్తర్షుల తోక వంపు పట్టుకుని ముందుకు పోతే స్వాతి, అదే వంపున ఇంకా పోతే చిత్త.

ఆ తోకలో చివరి నుంచి రెండోవాడు వశిష్ఠుడు, ఆయనను అంటిపెట్టుకున్న సన్నటి చుక్క అరుంధతి. పెళ్లిలో చూపించేది దాన్నే. సూరత్ నడిబొడ్డున వట్టి కంటికి అందడం కష్టం, చిన్న బైనాక్యులర్ ఉంటే సులువు. ముందు పెద్ద చుక్కను చూపించి, అక్కణ్ణించి చిన్నదానికి చూపు నడిపించే పద్ధతికి మన శాస్త్రాల్లో అరుంధతీ న్యాయం అని పేరే ఉంది. టెలిస్కోపు పట్టేవాళ్లు ఇవాళ్టికీ ఇలాగే వెతుకుతారు.

కార్తె సంగతి వేరు. మృగశిర కార్తె అంటే సూర్యుడు మృగశిరలో ఉన్నాడని. అందుకే ఆ రోజుల్లో ఆ నక్షత్రం కనిపించదు, సూర్యుడి వెలుగు వెనక ఉంటుంది. ప్రతి చుక్కా రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. కార్తె మారేసరికి, అంటే 13, 14 రోజుల్లో, దాదాపు గంట తేడా. కార్తెకో గంట అని గుర్తుంచుకుంటే చాలు, రాత్రి షిఫ్టులో టీకి బయటికొచ్చిన మనిషి చుక్కను బట్టి పొద్దు ఎంతయిందో చెప్పగలడు. ఊరి లెక్క మాత్రం ఇక్కడ సరిచేసుకోవాలి. మన గడియారం కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి నడుస్తుంది. సూరత్ చాలా పడమర. కరీంనగర్‌లో నడినెత్తికి వచ్చిన చుక్క ఇక్కడ నడిమికి రావడానికి సుమారు 25 నిమిషాలు ఎక్కువ పడుతుంది.

సూరత్‌వాళ్లకూ తమదైన చంద్రుడి పండగ ఉంది. శరత్ పూర్ణిమ మర్నాడు చాందనీ పడ్వో. ఆ రాత్రి వెన్నెట్లో కూర్చుని ఘారీ అనే మిఠాయి తింటారు. దానికి రెండు రోజులకే ఆంధ్రలో అట్లతద్ది, చంద్రుడు పొడిచేదాకా ఆడపిల్లల ఉపవాసం. ఈ రెండు రాత్రుల మధ్య చంద్రుడు పిల్లలకోడి వైపు నడుస్తాడు. ఘారీ తినే రాత్రి ఆయనకు కాస్త తూర్పున ఉన్న కృత్తిక, అట్లతద్ది నాటికి దగ్గరికి వచ్చేస్తుంది. పక్కింటి గుజరాతీ పిల్లల్ని పిలిచి ఇది చూపించడానికి భాష అడ్డం రాదు. ఊళ్లో మున్సిపల్ కార్పొరేషన్‌వారి సైన్స్ సెంటర్‌లో ప్లానెటేరియం ఉంది, అక్కడికీ తీసుకెళ్లాలి. కానీ డాబా ముందు.

ఇక గ్రహాలు. చుక్కల్లా మినుకుమనకుండా నిలకడగా వెలిగి, చంద్రుడి దారిలోనే తిరుగుతాయి. గురుడు ఏడాదికి సుమారు ఒక రాశి దాటుతాడు, మధ్యలో నాలుగు నెలలు వెనక్కి నడుస్తాడు. మన పుష్కరాలన్నీ ఆయన నడకే. ఆయన సింహంలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకు. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడు సాయంత్రం పడమట గురుడు, శుక్రుడు, మఖ ఒక్కచోట చేరారు. స్నానానికి వెళ్లినవాళ్లలో తల ఎత్తి చూసినవాళ్లు ఎందరో! మళ్లీ గోదావరి పుష్కరాలు 2027లో. ఈలోగా గురుడు ఏ చుక్క పక్కన ఉన్నాడో నెలకోసారి నోటుబుక్కులో గీసి పెట్టుకునే పిల్లలకు ఆ ఏడాదే ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు.