మెనూ కార్డులో లేని చేతులు

కొంపల్లి దాటి మేడ్చల్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి పొడుగునా, అటు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చుట్టూ ఖరీదైన రెస్టారెంట్లు, రిసార్టులు వెలిశాయి. వాటి మెనూ కార్డుల్లో ఇప్పుడు బోటి వేపుడు, తలకాయ కూర, జొన్న రొట్టె కనబడతాయి. పక్కన 'పల్లె రుచి', 'అమ్మమ్మ చేతి వంట' అని రాసుంటుంది. కథనూ కవితనూ చదివినట్టే ఈ కార్డును కూడా మనం చదవాలి. ఏ పల్లె? పల్లెలో ఊరా, వాడా? ఎవరి అమ్మమ్మ?

మంచి కండ ఊళ్లోకి పోతే తల, కాళ్లు, పేగులు వాడకు దక్కిన రోజులు మన పెద్దలు చూసినవే. పేగును తిరగేసి, వేడినీళ్లలో గీకి, వాసన పోయేదాకా కడగడం. తలను మంటమీద కాల్చి వెంట్రుక లేకుండా చెయ్యడం - ఇదంతా ఒక విద్య. మన ఆడవాళ్లు తరతరాలుగా నేర్చి దాచుకున్న విద్య. ఆ కూర ఇవాళ కార్డు మీదికెక్కింది. ఆ విద్య మాత్రం జీతాల పట్టీలో 'నైపుణ్యం లేని పని' కిందికి దిగింది. కడిగేవాళ్లు, తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు హెల్పర్లు. తాలింపు వేసినాయన మాస్టరు. పొడుగు టోపీ పెట్టుకున్నాయన చెఫ్. శ్రమ విభజన పేరుతో కులం చేసింది శ్రామికుల విభజనే అని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు. హోటలు వంటిల్లు దానికి కొత్త రుజువు.

రాజ్యాంగం 15(2) అధికరణం హోటలు వాకిలి మనకు తెరిచింది. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడింది కూడా తినేవాడి హక్కు కోసమే. ఆ కొట్లాట చిన్నది కాదు. అయితే వాకిలి తెరుచుకున్నంత మాత్రాన వంటిల్లు తెరుచుకోలేదు. ఉద్యోగంలో సమాన అవకాశం చెప్పే 16వ అధికరణం సర్కారు కొలువులకే పరిమితం. ప్రైవేటు వంటింట్లో ఎవర్ని పొయ్యి దగ్గర నిలబెట్టాలో, ఎవర్ని తొట్టి దగ్గర కూచోబెట్టాలో యజమాని ఇష్టం.

సర్వీస్ చార్జీ వివాదం చూడండి. బలవంతంగా వసూలు చెయ్యొద్దని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అది సిబ్బంది సంక్షేమం కోసమని యజమానుల సంఘాలు వాదించాయి. వంటవాడి బతుకు వాళ్లకు గుర్తొచ్చింది తమ చార్జీ పోతుందన్నప్పుడే! జీతం ఇవ్వాల్సింది యజమాని గదా, తినిపోయేవాడి దయ కాదు గదా.

10 మంది పనిచేసే చోట ఈఎస్ఐ, 20 మంది ఉన్నచోట పీఎఫ్ వర్తిస్తాయి. నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ హక్కు. పనిలో నూనెపడి చెయ్యి కాలితే, మానేదాకా కూలిలో 90 శాతం భత్యంగా రావాలి. కానీ రిజిస్టర్లో పేరుంటేనే ఇదంతా. పేరు రాయకపోవడం, కాంట్రాక్టరు మనుషులని తోసెయ్యడం, 'తిండీ పడకా ఇస్తున్నాం గదా' అనడం ఈ వ్యాపారంలో పాత రోగాలు. ఒడిశా, బెంగాల్, నేపాల్ నుంచి వచ్చిన పిల్లలకు అడిగే దిక్కు ఇంకా తక్కువ.

సర్కారు వంటిల్లు మేలా? మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. వండే చేతికి కులం ఉంటుందని చట్టం ఒప్పుకున్న అరుదైన సందర్భమది. మరి ఆ చేతికి తెలంగాణలో ఏళ్ల తరబడి ఇచ్చింది నెలకు 1,000 రూపాయలు. 2023లో 3,000 చేశారు. దాని పేరు 'గౌరవ వేతనం'! వేతనం ఎగ్గొట్టడానికి గౌరవం అడ్డం పెట్టారు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. 2012లో ఉస్మానియాలో బీఫ్ పండుగ చేసి తిండి రాజకీయాన్ని నడిబజారులో పెట్టాం. మన తిండి మీద వ్యాసాలు రాశాం, సదస్సులు పెట్టాం. అయినా మన విమర్శ కంచం దగ్గరే ఆగింది. కంచం వెనక నిలబడ్డ మనిషి కూలి దాకా పోలేదు. కార్డు మీద మన కూర పేరు కనబడగానే గెలిచామనుకుంటే, ఆ గెలుపు ఎవరి గల్లాపెట్టెలో పడిందో అడగనట్టే.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు నైపుణ్యంతోపాటు భరించలేని వేడిని, పని ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని అందులో ఉంది. ఆ మాటను పట్టుకోవాలి. బోటి కడగడం నైపుణ్యమేనని రాయించాలి. పొయ్యి వేడికి ధర కట్టించాలి. శామీర్‌పేటలోనే న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి విద్యార్థులూ, మన సంఘాలూ కలిసి చెయ్యాల్సిన మొదటి పని రిజిస్టర్లు అడగడం. అందులో పేరు ఎక్కాక, కార్డు మీద అమ్మమ్మ ఎవరో మనమే చెబుదాం.