పండ్రెండు వోల్టుల పరిచర్య

ట్రాక్టరు బ్యాటరీ నీరసించినప్పుడు ముందుగానే చెప్పును. సెల్ఫు కొట్టినంతనే ఇంజను ఎత్తుకొనక మూలుగును, లైటు మసకబారును, ఆ మూలుగు విన్న రైతు సాయంత్రమునకే దానిని ఛార్జింగునకు పంపును. విదేశమున కేగుచు మా కుమారుడు గోపాల్‌పేటలో నాకు అప్పగించిన హైబ్రిడ్ కారునందు అట్టి హెచ్చరిక లేదు. చక్రములను త్రిప్పు మోటారునకు శక్తినిచ్చుటయే గాక ఇంజనును లేపునది కూడ నూటికి పైబడిన వోల్టుల పెద్ద బ్యాటరీయే. అయినను కంప్యూటర్లను మేల్కొలిపి, ఆ పెద్దదానిని కారుతో కలుపు రిలేలను కదల్చుటకు పండ్రెండు వోల్టుల చిన్న బ్యాటరీ కావలెను. అది దిగిపోయెనా, పెద్దదానియందు ఎంత శక్తి నిండియున్నను కారు నిశ్చేష్టము. నలుగురు చేరి తోసినను ప్రయోజనము సున్న. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే నిర్మించిన సీసపు బ్యాటరీ వంశము లోనిదే ఈ చిన్నది. ఇంత నవీనయంత్రము ఆ ప్రాచీనసాధనమును ఆశ్రయించి యుండుట నాకు గౌరవమునే కలిగించుచున్నది.

కదలక నిలిచిన కారునందును తాళపుచెవి పిలుపునకై కాచుకొనియుండు రిసీవరు, దొంగల అలారము కొంత కరెంటును త్రాగుచునే యుండును. మా పాలమూరు వేసవి ఆ క్షయమును ఇంకను త్వరపెట్టును. ఛార్జి తరిగి చిరకాలముండిన పలకలపై సల్ఫేటు స్ఫటికములు గట్టిపడి, పిమ్మట ఎంత నింపినను పూర్తిగా కరుగవు.

కావున వారమున కొకమారు, కారు రాత్రియంతయు విశ్రమించిన తరువాత, మల్టీమీటరు ఎఱ్ఱతీగను ప్లస్సునకును నల్లతీగను మైనసునకును ఆనింతును. తలుపు తెరువగానే లోని దీపములు మేల్కొని అంకెను కొంత దింపును గనుక, అది నిలకడ చెందువరకు ఆగి, క్యాలెండరుపై వ్రాసికొందును. 12.6 నిండుతనము, 12.4 అనగా సుమారు పాతిక వంతు తరుగు; 12 వద్ద ఆలస్యము కూడదు. అయితే ఒక్కనాటి అంకెకన్న దాని పతనవేగమే నాకు ముఖ్యము: నింపిన ప్రతిసారియు మునుపటికన్న త్వరగా దిగుచున్నచో, బ్యాటరీకి వార్ధక్యమైనను రావలెను, ఎక్కడనో కరెంటైనను కారవలెను. నారింజరంగు తీగల జోలికి మాత్రము పోరాదు. అవి పెద్ద బ్యాటరీవి, ప్రాణాంతకములు.

కారు పూర్తిగా మేల్కొన్నదని తెలుపు రెడీ దీపము వెలుగనిదే చిన్నదానికి ఛార్జి చేరదు. పాటలకొఱకు కారును సగము మేల్కొలిపి కూర్చుండుట దానిని పీల్చివేయుటయే. రెడీ వెలిగినపుడు మీటరు 14 దరిదాపులకు లేచును. అంతట వనపర్తి దాక తిన్నగా పోయివత్తును. పెద్ద బ్యాటరీకిని, టైర్లకును, బ్రేకులకును కూడ ఆ ప్రయాణము హితము.