యుగంధర్‌కి వినపడని భాష

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు పేరెత్తితే మా వయసు వాళ్ళకి ఇప్పటికీ హుషారే. హోమ్స్‌కి వాట్సన్ ఎలాగో యుగంధర్‌కి రాజు అలాగని అందరూ అన్నదే. నేను చెప్పదలచుకున్నది వేరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మనకు దక్కలేదు. ఆ తరవాత వచ్చిన నవలల్లోనూ యుగంధర్ మకాం మద్రాసే. అంటే తెలుగులో పేరుమోసిన డిటెక్టివ్ కూడా మనలాగే పొరుగు రాష్ట్రంలో తెలుగువాడు!

అయితే నేను చదివిన నవలల్లో ఆ ఊరి తమిళం కథకి అక్కరకు రాదు. హంతకుడు, సాక్షి, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, అందరిదీ ఒకే తెలుగు. అగాథా క్రిస్టీ ఇక్కడే తెలివి చూపింది. 1920లో వచ్చిన తొలి నవలలోనే ఆమె పోయిరో ఇంగ్లండులో తలదాచుకున్న బెల్జియం శరణార్థి. అతని వచ్చీరాని ఇంగ్లీషు విని ఎదుటివాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు, నోరు జారతారు. పరాయితనమే అతని ఆయుధం.

మా కుండల్‌వాడి బ్యాంకు కౌంటరు దగ్గర తెలుగులో కుశలమడిగి, మరాఠీలో నోట్లు లెక్కపెట్టే ఖాతాదారులు ఎందరో. మనిషి ఏ భాషలో లెక్కపెడతాడో, ఏ భాషలో తిడతాడో గమనిస్తే అతను చదివిన బడి, పెరిగిన ఇల్లు తెలిసిపోతాయి. హోమ్స్ వెతికే బూటు మట్టి కంటే ఇది గట్టి ఆధారం.

కథ నడపడంలో, ఉత్కంఠలో కొమ్మూరి వారికి వంక పెట్టలేం. ఆయన ముట్టని ఈ సంగతిని రాయవలసింది మాత్రం రెండు భాషల మధ్య బతికే మనమే.