ఔట్ లేని ఆట

ఖోఖో ఆడుతున్న పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. తరిమే జట్టులో తొమ్మిది మంది. అందులో ఎనిమిది మంది వరుసగా గొంతుక్కూర్చుంటారు, తరిమేది ఒక్కడే. అవతలి జట్టు నుంచి లోపలికి దిగేది ముగ్గురు, మిగతా ఆరుగురూ గీత బయట వంతు కోసం చూస్తుంటారు. అంటే పద్దెనిమిది మందిలో ఏ క్షణాన చూసినా పరుగెత్తేది నలుగురే.

పెద్ద తరగతుల వాళ్ళకు అదేం లోటు కాదు. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకే చిక్కు. కూర్చోబెడితే వాళ్ళు ఇసుకలో పుల్లలతో ఇళ్ళు కట్టుకుంటారు.

‘పల్లెటూరి పిల్లలకు వేరే వ్యాయామం దేనికండీ’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం లాంటి ఊళ్ళలో కూడా ఇంటి ముందే బడి బస్సెక్కి ఒంగోలు పోయే పిల్లలు, సాయంత్రం ఫోను చేతికి రాగానే అరుగు దిగని పిల్లలు ఉన్నారు. 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళు రోజుకు సగటున 60 నిమిషాలు రొప్పు వచ్చేలా కదలాలనీ, వారంలో మూడు రోజులైనా ఎముకలకూ కండలకూ పని పడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ రెండో పనికి తొక్కుడుబిళ్ళ చాలు. ఒంటికాలి మీద గెంతడం ఎముకకు మంచి కసరత్తు.

ఆడించేవాళ్ళెవరన్నదే అసలు ప్రశ్న. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామాను ఇవ్వాలంది. వ్యాయామం నేర్పే మనిషిని మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతులకే రాసింది. అదీ వందమంది దాటితేనే, పార్ట్‌టైముగా. అరవై మంది లోపు ఉన్న ప్రాథమిక బడికి అదే చట్టం లెక్కన ఇద్దరు టీచర్లు. ఎక్కాలు చెప్పిన నోటితోనే ఈలా ఊదాలి. 2023 డిసెంబర్ 26న గుంటూరు దగ్గర నల్లపాడులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలూ పదిహేనేళ్ళు దాటినవాళ్ళకే జరిగాయి.

ఇలాంటి టీచరుకు పనికొచ్చే కిటుకు కబడ్డీలోనే ఉంది. మనకు అలవాటైన కబడ్డీలో ఔటైనవాడు బయటికి పోతాడు, తనవాళ్ళు పాయింటు తెస్తే తిరిగొస్తాడు. దాన్ని సంజీవని అంటారు. గామినిలో జట్టంతా ఔటయ్యేదాకా రాడు. మూడోది అమర్. అందులో పాయింటు అవతలివాళ్ళకు పోతుంది గానీ మనిషి లోపలే ఉంటాడు. చిన్నపిల్లలకు ఆడించాల్సింది ఈ అమరే. ఎందుకంటే మొదట ఔటయ్యేది ఎప్పుడూ ఆ బొద్దు పిల్లాడే, పరుగు రాని ఆ పిల్లే. ఎవరికి కదలిక ఎక్కువ కావాలో వాళ్ళనే ముందుగా చెట్టు కింద కూర్చోబెట్టడం ఎక్కడి న్యాయం? ‘టీచర్, నేను ఔటా?’ అని అడిగితే ‘కాదు, ఆడు’ అనే వీలుండాలి.

మిగతా ఆటలనూ ఇలాగే మార్చుకోవచ్చు. ఖోఖోకు ఒక్క పెద్ద వరుస బదులు నలుగురేసి కూర్చునే చిన్న వరుసలు నాలుగు వేస్తే తరిమేవాళ్ళే నలుగురవుతారు. ఏడుపెంకులాట రెండు చోట్ల పెట్టిస్తే బంతి కోసం ఎదురుచూపు సగం తగ్గుతుంది. ఖర్చు రెండు రబ్బరు బంతులు, కాసిని పగిలిన పెంకులు.

స్కాట్లాండులోని స్టర్లింగ్‌లో 2012లో ఎలెయిన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయురాలు ఇంకా తేలిక దారి పట్టింది. రోజూ పదిహేను నిమిషాలు పిల్లలంతా బయట పరుగెత్తడమో, నడవడమో. బట్టలు మార్చేది లేదు, గెలుపోటముల్లేవు. ‘డైలీ మైల్’ పేరుతో అది చాలా దేశాలకు పాకింది.

కొత్తపట్నానికి అదనంగా ఇసుక ఉంది. ఒకే వేగంతో పరుగెత్తినా గట్టినేల మీదకంటే ఇసుకలో శరీరం సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చు చేస్తుందని 1998లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి ఇక్కడ పదినిమిషాలు తక్కువేం కాదు. పడినా మోకాలు చీరుకుపోదు. తొక్కుడుబిళ్ళకు మాత్రం ఇసుక పనికిరాదు. గీతలు చెరిగిపోతాయి, బిళ్ళ జారకుండా వేసినచోటే కూరుకుపోతుంది. దానికి వరండా గచ్చు కావాలి. ఆటకు ఎంచుకునే ఇసుక అలలకు దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఒంటిపూట బడులు వచ్చాక ఆట పొద్దున్నే, మొదటి గంటలోనే పెట్టాలి. పొద్దెక్కితే ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు. చెమటతో వచ్చిన పిల్లలు పాఠం వినరని కొందరు టీచర్లంటారు. ఐదు నిమిషాలు నీళ్ళు తాగనిచ్చి మొదలుపెడితే వింటారు.