పాట పాడేందుకు చందా కట్టాలా?

రాజమహేంద్రవరం ఆటోనగర్‌లోనూ, తణుకు, భీమవరం, సామర్లకోట రోడ్ల పక్కనా లేత్ షాపు నడుపుకునేవాళ్లకు ఆన్‌లైన్ బిడ్డింగ్ సేవల వాళ్లు చెప్పే మాట ఒకటే. ఏడాదికి ఇంత చందా కట్టండి, దేశం నలుమూలల నుంచి ఎంక్వైరీలు మీ ఫోన్‌కే వస్తాయి, మీరు ధర కోట్ చేస్తే చాలు అంటారు. పని పలచబడ్డ నెలల్లో ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ గోదావరి డెల్టాలో ఉన్న లేత్ షాపుల్లో ఎక్కువ వాటికి, ఇప్పుడున్న స్థితిలో, ఆ చందా దండగ అని నా అభిప్రాయం. కొద్ది షాపులకు మాత్రం అది పనికొస్తుంది. ఎవరికి పనికొస్తుందన్నది వెబ్‌సైటు మంచిచెడ్డల మీద కంటే ఆ షాపులో జరిగే పని ఎలాంటిదన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కాబట్టి ముందు ఆ పని సంగతే చూడాలి.

ఈ ప్రాంతంలో ఇనుప పని మరమ్మతులోంచి పుట్టింది. 1847లో కాటన్ ఆనకట్ట మొదలయ్యాక ధవళేశ్వరంలో ఆ పనుల కోసమే వర్క్‌షాపు నడిచింది. 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లున్నాయి, వాటికి ఏటా ఏదో ఒక మరమ్మతు తప్పదు. 1924లో మొదలైన రాజమండ్రి పేపరు మిల్లు, చక్కెర ఫ్యాక్టరీలు, ఊరూరా ఉన్న రైసు మిల్లులు, ఆ తర్వాత వచ్చిన రొయ్యల చెరువుల ఏరియేటర్లు, కాకినాడ, నరసాపురం వైపు మరబోట్లు, అన్నీ తిరుగుతూ అరిగిపోయేవే. సార్వా ధాన్యం లారీల్లో మిల్లు ముందు నిలబడి ఉండగా ఎలివేటర్ షాఫ్ట్ విరిగిందంటే మిల్లు ఓనరు ఐదుగురి దగ్గర కొటేషన్లు తీసుకుని కూర్చోడు. విరిగిన ముక్కను ఆటోలో వేసి పంపిస్తాడు. డ్రాయింగు ఉండదు, ఏ గ్రేడు ఉక్కో చెప్పేవాడుండడు. బేరింగు కూర్చునే చోటే అరిగిపోయి ఉంటే అసలు సైజు ఎంతో కొలతకు అందదు. అప్పుడు టర్నరు బేరింగు మీద నంబరు చూస్తాడు. 6310 అని ఉంటే చివరి రెండంకెలను ఐదుతో హెచ్చవేసి, షాఫ్టు 50 మిల్లీమీటర్లని తేలుస్తాడు. అరిగిన చోట వెల్డింగుతో నింపి మళ్లీ టర్నింగు చేస్తే ఈ సీజను గడుస్తుందా, లేక ఈఎన్ 8 కడ్డీ నుంచి కొత్తది తీయాలా, కీ వే మూలలో పగులు మొదలైందా అన్నవన్నీ ముక్కను చేత్తో పట్టుకుని తేల్చుకునే విషయాలు. మిల్లు ఓనరు డబ్బిచ్చేది టర్నింగుకు మాత్రమే కాదు. తెల్లారేసరికి మిల్లు తిరుగుతుందన్న భరోసాకు కూడా ఇస్తాడు.

బిడ్డింగ్ సేవ అమ్మేది వేరే సరుకు. అది అమ్మేది పోలికను. ఒక కొనుగోలుదారు అడిగిన పనిని పలువురి ముందు పెట్టి ధరలు పక్కపక్కన చూపిస్తుంది. పోల్చాలంటే పని కాగితం మీదికెక్కాలి. డ్రాయింగు, మెటీరియల్ గ్రేడు, టాలరెన్సు, ఎన్ని నగాలు, ఏ తేదీకి అన్నవన్నీ ఉండాలి. అవన్నీ ఉన్న పనికి రాజ్‌కోట్, కోయంబత్తూరు కూడా పోటీకి వస్తాయి. అక్కడ పోత పోసే ఫౌండ్రీలు, సీఎన్‌సీ మరలు, హీట్ ట్రీట్‌మెంటు, గ్రైండింగు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఐదు వందల బుష్‌లు ఒకే సెట్టింగులో తీసే షాపుతో, రోజుకు పది రకాల పనులకు పది సెట్టింగులు మార్చుకునే షాపు ధరలో పోటీ పడలేదు. అందులో మన టర్నరు చేతకానితనమేమీ లేదు, ఆ రెండూ వేరు వేరు వ్యాపారాలు. దగ్గర్లో ఉండటం, విరిగినదాన్ని చూసి కారణం పట్టుకోవడం డెల్టా షాపుకున్న రెండు బలాలు. పోలిక పట్టికలో ఆ రెండింటికీ గడి లేదు. తన బలం లెక్కకు రాని పోటీలో దిగడానికి ఎదురు డబ్బు కట్టడం ఏ వ్యాపారికైనా నష్టమే.

బయటి అనుభవం కూడా చూద్దాం. ఇంటర్నెట్ తొలి రోజుల్లో, 1995లో, అమెరికాలో ఫ్రీమార్కెట్స్ అనే సంస్థ కంపెనీల విడిభాగాల కొనుగోళ్లకు రివర్స్ ఆక్షన్లు నడిపింది. మామూలు వేలంలో ధర పైకి పాడతారు, ఇక్కడ కిందికి పాడాలి. వాటిని పరిశీలించిన ఎమిలియాని, స్టెక్ అనే ఇద్దరు 2002 నుంచి రాసిన వ్యాసాల్లో, పాట ముగిసినప్పుడు కాగితం మీద కనిపించిన పొదుపు మొత్తం చివరికి కొనుగోలుదారు చేతికి రావడం లేదని వాదించారు. 2000లో అట్లాంటాలో మొదలైన ఎంఎఫ్‌జీ డాట్ కామ్ సరిగ్గా మన లేత్ షాపుల్లాంటి వాటి కోసమే పుట్టింది. చందా కట్టిన షాపులు డ్రాయింగులు చూసి ధర చెప్పే పద్ధతి అది. జెఫ్ బెజోస్ కూడా అందులో పెట్టుబడి పెట్టారు. అయినా అది 2022లో షేప్‌వేస్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది, ఆ కంపెనీ 2024లో దివాలా తీసింది. మన దేశంలో 1996లో మొదలైన ఇండియామార్ట్ నిలదొక్కుకుని 2019లో షేర్ మార్కెట్‌కు వచ్చింది. దానికి ఆదాయం ప్రధానంగా అమ్మకందార్ల చందాల నుంచే వస్తుంది. కింది స్థాయి చందాదారులు ఎక్కువగా వదిలి వెళ్లిపోతుంటారని ఆ కంపెనీ యాజమాన్యమే ఇన్వెస్టర్లకు చెబుతూ వచ్చింది, పెద్ద చందాలవాళ్లు మాత్రం నిలుస్తున్నారు. ఇందులో మోసమేమీ లేదు. ప్రతి ఎంక్వైరీకీ అదే రోజు జవాబిచ్చే మనిషి, కాటలాగు, తయారు సరుకు ఉన్నవాళ్లకు అది పనిచేస్తోంది. ఓనరే టర్నరు, ఓనరే గుమాస్తా అయిన షాపుకు పనిచేయడం కష్టం.

ఎందుకు కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. లెక్క కోసం ఏడాది చందా 36,000 రూపాయలనుకుందాం. ఖర్చులు పోను నూటికి 15 మిగులుతుందనుకుందాం. చందా డబ్బు వెనక్కి రావడానికే 2,40,000 రూపాయల కొత్త పని కావాలి. ఒక్కో ఆర్డరు 20,000 చొప్పున అది 12 ఆర్డర్లు. ఇరవై కొటేషన్లకు ఒకటి కుదురుతుందనుకుంటే 240 కొటేషన్లు రాయాలి. డ్రాయింగు చదివి, ఉక్కు ధర కనుక్కుని, మర ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేసి రాయడానికి ఒక్కోదానికి గంట చొప్పున 240 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన 30 పనిదినాలు. ఆ నెల రోజులూ షాపులో అందరికంటే బాగా పని తెలిసిన మనిషి మర దగ్గర ఉండడు. ఇంతా చేస్తే లాభం సున్నా, చందా మాత్రం తీరుతుంది. అంకెలు ఎవరివి వాళ్లు మార్చుకోవచ్చు, కానీ కొటేషన్ రాసే గంటలను ఖర్చుగా వేయకుండా ఈ లెక్క చేయకూడదు.

ఇంకో చిక్కు ఉంది, అది లెక్కకు అంత తొందరగా అందదు. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు చమురు బ్లాకుల వేలం గురించి ఒక వ్యాసం రాశారు. బ్లాకులో నూనె ఎంతుందో ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు, పాట గెలిచేది అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడేననీ, అందుకే గెలిచాక నష్టపోతాడనీ వాళ్లు చూపించారు. ఓఎన్‌జీసీ రిగ్గులు కళ్లముందు కనిపించే కోనసీమలో ఈ మాట అర్థం చేసుకోవడం కష్టం కాదు. లేత్ పనిలో ఇది తిరగబడి ఉంటుంది. పది మంది ఒక డ్రాయింగుకు ధర చెబితే, అందరికంటే తక్కువ చెప్పినవాడు అందరికంటే నేర్పరి కావచ్చు, లేదా డ్రాయింగు మూలలో ఉన్న టాలరెన్సునో, హార్డెనింగు షరతునో చూడనివాడు కావచ్చు. తన మర గంటకు ఎంత ఖర్చు పెడుతోందో తెలియని షాపులో రెండోదే ఎక్కువ జరుగుతుంది. కరెంటు, టూల్ బిట్లు, కూలి, అద్దె, అప్పు మీద వడ్డీ, మర అరుగుదల కలిపి గంట ఖరీదు కట్టుకోకుండా పాటలోకి దిగిన షాపు గెలిచిన ప్రతి ఆర్డరునూ అనుమానంగా చూసుకోవాలి.

మరలు ఖాళీగా ఉన్నప్పుడు ఏ ధరకైనా పని మంచిదే కదా, కూలీలకు జీతం ఎలాగూ ఇవ్వాలి కదా అన్నది దీనికి వచ్చే గట్టి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. కానీ డెల్టాలో ఖాళీ ఎప్పుడొస్తుందో చూడండి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి, దాళ్వా ఏప్రిల్, మే నెలల్లో. ఈ రెంటి మధ్య చెరకు క్రషింగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, బోట్ల షాఫ్టులు, ప్రొపెల్లర్లు ఒడ్డుకొచ్చేది అప్పుడే. నిజమైన ఖాళీ జులై నుంచి అక్టోబరు దాకానే. నాలుగు నెలల ఖాళీ కోసం పన్నెండు నెలల చందా కట్టడం ఒక తప్పు. అక్టోబరులో తక్కువ ధరకు ఒప్పుకున్న ఆర్డరు నవంబరులోకి సాగి, ఏళ్ల తరబడి వస్తున్న మిల్లు మనిషి విరిగిన షాఫ్టుతో గుమ్మంలో నిలబడితే మర ఖాళీ లేదని చెప్పాల్సి రావడం అంతకంటే పెద్ద తప్పు. ఆ ఖాతా ఒకసారి పక్క షాపుకు పోతే మళ్లీ రావడం కష్టం.

పాత ఖాతాలే తరిగిపోతున్నాయి కదా అని ఇంకొకరు అడగవచ్చు. అవును, చెరకు విస్తీర్ణం తగ్గింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల చెరువుల మీద బతికే ప్రతి పనీ కుదుపుకు లోనైంది. రైసు మిల్లులు కొత్త యంత్రాలు పెట్టుకుంటున్నాయి, వాటి విడిభాగాలు కంపెనీ నుంచే వస్తున్నాయి. కొత్త పని వెతుక్కోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ప్రభుత్వ కొనుగోళ్ల తలుపు డబ్బు కట్టకుండానే తెరిచి ఉంది. 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లో నమోదుకు చందా లేదు, 2024 ఆగస్టు నుంచి 10 లక్షల రూపాయల లోపు ఆర్డర్లకు లావాదేవీ చార్జీ కూడా లేదు. రాష్ట్ర ఈ ప్రొక్యూర్‌మెంట్ వేదికలోనూ, కేంద్రం టెండర్ల పోర్టల్‌లోనూ నోటీసులు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. వాటినే ఏరి పంపే ప్రైవేటు సేవలకు డబ్బు కట్టేవాళ్లు, వెతికే శ్రమ తప్పించుకోవడానికే కడుతున్నామని తెలుసుకుని కట్టాలి. ఉద్యం నమోదు ఉన్న చిన్న తయారీదారుకు ధరావతు మినహాయింపు ఉంది. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. అందరికంటే తక్కువ ధరకు 15 శాతం లోపు ఎక్కువ చెప్పిన చిన్న షాపు, ఆ తక్కువ ధరకు ఒప్పుకుంటే కొంత ఆర్డరు దక్కించుకోవచ్చు. ఈ వెసులుబాటు కొని అమ్మేవాడికి లేదు, తయారు చేసేవాడికే ఉంది. ఆ ఒక్క చోట మన టర్నరు దళారీ కంటే ముందున్నాడు. అక్కడా అన్ని పనులూ అందవు. చమురు బావుల డ్రిల్ పైపుల మీద థ్రెడ్లు కోయాలంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ లైసెన్సు కావాలి, ఎంత మంచి టర్నరైనా అది లేకుండా ఆ పని ముట్టలేడు.

ఒక్క మంచి ఖాతా దొరికితే పదేళ్ల చందా తీరిపోతుందన్న మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. నెలనెలా వంద నగాలు అడిగే ఒక పంపుల కంపెనీ దొరికిందంటే షాపు తీరే మారిపోతుంది. కానీ అలాంటి కంపెనీ ధర ఒక్కటే చూసి ఊరుకోదు. కొలతల రిపోర్టు అడుగుతుంది, మైక్రోమీటరు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేయించారని అడుగుతుంది, ఉక్కుకు టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతుంది. అవి సిద్ధంగా ఉన్న షాపే నేను మొదట్లో చెప్పిన ఆ కొద్ది షాపుల్లో ఒకటి. లేని షాపు ముందుగా ఖర్చు పెట్టాల్సింది వాటి మీద, చందా మీద కాదు. డబ్బు వసూలు సంగతి కూడా మరవకూడదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం నమోదైన చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బివ్వాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. కానీ పదిహేను వందల కిలోమీటర్ల అవతల, ఎప్పుడూ చూడని కొనుగోలుదారు మీద ఆ చట్టం కింది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లి 40,000 రూపాయలు రాబట్టుకునే ఓపిక ఎంతమంది చిన్న షాపుల వాళ్లకు ఉంటుంది?

నాకు తోచిన దారి ఒంటరిగా చందా కట్టడం కాదు. ఒక ఆటోనగర్‌లో ఎనిమిది పది షాపులు కలిసి ఒక డ్రాఫ్ట్స్‌మన్‌ను పెట్టుకోవచ్చు. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదివి, కంప్యూటరు మీద డ్రాయింగు గీయగల కుర్రాడు చాలు. మిల్లుల నుంచి వచ్చే విరిగిన ముక్కలకు అతను డ్రాయింగులు గీసి దాచిపెడితే, రెండేళ్లలో చుట్టుపక్కల మిల్లుల విడిభాగాలన్నీ కాగితం మీదికొస్తాయి, ఖాళీ నెలల్లో ముందే తయారు చేసి అల్మారాలో పెట్టుకోవచ్చు. కాలిబ్రేట్ చేయించిన కొలత పరికరాలు ఒక సెట్టు అందరికీ సరిపోతాయి. బిడ్డింగ్ సేవకు చందా కట్టాలనుకుంటే అప్పుడు అందరి తరఫునా ఒకే ఖాతా తెరవవచ్చు, వీలైతే జులై నుంచి అక్టోబరు వరకే. కొటేషన్ అతనే రాస్తాడు, మర గంట ఖరీదు తెలిసిన షాపే ఆ పని తీసుకుంటుంది, టర్నర్లు మరల దగ్గరే ఉంటారు. ఎన్ని కొటేషన్లు వెళ్లాయి, ఎన్ని కుదిరాయి, డబ్బు ఎన్ని రోజులకు వచ్చిందన్నది అతను రాసిపెడితే, రెండో ఏడాది చందా కట్టే ముందు పది మందీ కూర్చుని ఆ పుస్తకం చూసుకోవచ్చు. ఆ ఆర్డర్ల మీద మిగిలింది చందాకూ, ఆ నాలుగు నెలల కుర్రాడి జీతానికీ చాలకపోతే చందా ఆపేసి, అతన్ని మిల్లు డ్రాయింగుల పనిలోనే ఉంచుకోవాలి.